చదరంగం యంత్రానికి శ్రుతి చేసేదెలా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కలియబెట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటారు పెద్దలు. మాట నిజమే. అయితే లోకంలో అన్ని సంగతులూ అన్నం కుండలాంటివేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం ఒక చదరంగం బల్ల దగ్గర కూర్చుందాం.

హైదరాబాదు నుంచి ముంబాయి వెళ్ళే రహదారి మీద, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా జహీరాబాదు పట్టణం ఉంది. చుట్టుపక్కల ఎర్ర నేలలు. అల్లం, ఆలుగడ్డ, చెరకు పండే ప్రాంతం. అక్కడ ఒక రైతు ఇంట్లో ఇంటర్ చదివే అక్క, తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు ఉన్నారనుకుందాం. తమ్ముడికి కంప్యూటరంటే ప్రాణం. చదరంగం ఆడే చిన్న ప్రోగ్రామును తనే రాసుకున్నాడు. ఒక రోజు అందులో ఒక అంకె మార్చి, పాత ప్రోగ్రాముకూ కొత్తదానికీ పోటీ పెట్టాడు. డ్రా అయినవి పక్కన పెడితే పది ఆటలు తేలాయి.

"అక్కా, జెర ఇటు రా! పది ఆటల్లో కొత్తదే ఏడు గెలిచింది!"

"మిగిలిన మూడు?"

"పాతది గెలిచింది. అయితే ఏంది? ఏడు పెద్దదా, మూడు పెద్దదా?"

జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు చార్టు కూడా సిద్ధమైపోయింది. 'ఒక్క అంకె మార్పుతో రెట్టింపు బలం' అని ఎర్ర సిరాతో శీర్షిక. అక్కకు మాత్రం నమ్మకం కుదరలేదు. గడప దగ్గర కూర్చున్న తండ్రి కొడుకు పక్షం తీసుకున్నాడు.

"ఒక్క మెతుకు పట్టి చూస్తె సాలంటరు గదా బిడ్డా! వాడు పది మెతుకులు చూసిండు."

ఎవరి మాట సరైనది? తేల్చాలంటే ముందు ఆ అంకె ఏమిటో, దాన్ని మారిస్తే ఏం జరుగుతుందో తెలియాలి.

యంత్రం ఎలా ఆలోచిస్తుంది?

చదరంగం ఆడే ప్రోగ్రామును ఇంజను అంటారు. రైలింజనులో ఉన్నట్లు ఇందులో చక్రాలూ కడ్డీలూ ఉండవు. ఇది వరుసగా రాసిన ఆజ్ఞల సముదాయం మాత్రమే. ఏ ఇంజను అయినా ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. ఒకటి ముందుచూపు, రెండవది తూకం.

తూకం సంగతి మీకు తెలిసినదే. బంటుకు 1, గుర్రానికి 3, శకటానికి 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అని విలువలు కట్టి, ఎవరి వైపు ఎంత బలం ఉందో కూడి చూస్తాం. రాజు క్షేమంగా ఉన్నాడా, బంట్లు ఒకదానికొకటి ఆసరాగా ఉన్నాయా వంటివి కూడా చూసి, మొత్తం మీద ఆ స్థితికి ఒక మార్కు వేస్తాం. ఇంజను చేసేదీ అదే.

ముందుచూపు అంటే 'నేను ఇలా వేస్తే అతను అలా వేస్తాడు, అప్పుడు నేను ఇలా వేస్తాను' అని వరుసగా చూసుకుంటూ పోవడం. ఇక్కడే వస్తుంది చిక్కు. ఆట మొదట్లో తెల్లవారికి 20 ఎత్తులు సాధ్యం. దానికి నల్లవారు 20 రకాలుగా జవాబు చెప్పవచ్చు. అంటే రెండు ఎత్తులకే 400 దారులు. మూడు ఎత్తులకు 8,902. నాలుగింటికి 1,97,281. అయిదింటికి 48,65,609. ఆరింటికి 11,90,60,324! ఇరుపక్షాలూ మూడేసి ఎత్తులు వేసేసరికే పన్నెండు కోట్లకు దగ్గరగా వచ్చాం. ఇద్దరూ నలభయ్యేసి ఎత్తులు వేసే ఆటలు ఎన్ని రకాలుగా సాగవచ్చునో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లో అంచనా కట్టాడు. 1 పక్కన 120 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య అది. ఎంత వేగం గల కంప్యూటరు అయినా దానిని చూసి ముగించలేదు.

కాబట్టి కొన్ని దారులను చూడకుండా వదిలేయాలి. నష్టం లేకుండా వదలగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు, మొదటి ఎత్తును పూర్తిగా పరిశీలించారు. అవతలివాడు ఎంత బాగా ఆడినా మీకు పోయేది ఒక్క బంటే అని తేలింది. ఇప్పుడు రెండో ఎత్తు చూస్తున్నారు. అవతలివాడి మొదటి జవాబులోనే మీ ఏనుగు పోతోంది. ఇంక అతని మిగతా జవాబులు చూడటం దేనికి? ఈ ఎత్తు మొదటిదానికన్న చెడ్డదని అప్పుడే తేలిపోయింది. దీనిని ఆల్ఫా-బీటా కోత అంటారు. ఒక్కో స్థితిలో 30 ఎత్తులుంటే, ఆరు ఎత్తుల లోతుకు 72 కోట్ల 90 లక్షల చివరి స్థితులు వస్తాయి. మంచి ఎత్తులనే ముందుగా చూసే అదృష్టం ఉంటే, ఈ కోత వల్ల వాటిలో సుమారు 54 వేలు చూస్తే సరిపోతుంది. జవాబు మాత్రం అక్షరం కూడా మారదు!

వీణకున్నట్లే బిరడాలు

అయినా ఇది చాలదు. ఇంకా లోతుకు చూడగలిగితేనే ఇంజను గెలుస్తుంది. అందుకని కొంత సాహసం చేయాలి. తప్పు జరిగే వీలున్నా సరే, 'ఇది బహుశా పనికిరాదు' అనిపించిన దారులను పైపైన చూసి వదిలేయాలి. ఎంత సాహసం చేయాలో చెప్పే అంకెలు ఇంజనులో డజన్ల కొద్దీ ఉంటాయి. వీణకు తీగలు బిగించే బిరడాలు ఉన్నట్లే ఇవి ఇంజనుకు బిరడాలు అనుకోండి. కొన్నింటిని చూద్దాం.

మొదటిది వరుసలో వెనుకబడిన ఎత్తులకు సంబంధించినది. ఇంజను ముందుగా ఎత్తులను మంచి చెడ్డల క్రమంలో పేర్చుకుంటుంది. ముందున్న వాటిని పూర్తి లోతుకు, వెనుక ఉన్నవాటిని తక్కువ లోతుకు చూస్తుంది. ఎన్నో ఎత్తు నుంచి తగ్గించాలి? నాలుగో దాని నుంచా, ఎనిమిదో దాని నుంచా? ఎన్ని మెట్లు తగ్గించాలి? ఎక్కువ తగ్గిస్తే వెనుక వరుసలో దాగిన బ్రహ్మాస్త్రం కనపడకుండా పోతుంది. తక్కువ తగ్గిస్తే కాలమంతా పనికిమాలిన ఎత్తులకే సరిపోతుంది.

రెండవది ఆశ వదులుకునే హద్దు. చూడవలసిన లోతు ఇంకా ఒకటి రెండు ఎత్తులే మిగిలింది. అప్పటికే మనం ఒక గుర్రం వెనుకబడి ఉన్నాం. ఇంత కొద్దిలో కోలుకునే ఆశ లేదని ఆ దారి వదిలేయవచ్చు. కాని ఎంత వెనుకబడితే ఆశ వదలాలి? రెండు బంట్ల విలువా, మూడు బంట్లదా?

మూడవది తమాషా అయినది. ఇంజను తన వంతు వచ్చినా ఎత్తు వేయకుండా ఊరుకున్నట్లు ఊహించుకుంటుంది. అవతలివాడికి ఉచితంగా ఒక ఎత్తు ఇచ్చినా మన స్థితి బాగానే ఉంటే, నిజంగా ఎత్తు వేస్తే ఇంకా బాగుంటుంది కదా! అలాంటి చోట లోతుగా వెతకడం దండగ. ఈ ఊరుకునే పరీక్షను ఎంత తక్కువ లోతుకు చేయాలన్నది మరో బిరడా. ఆట చివర్లో ఏ పావు కదిపినా చేటు వచ్చే స్థితులుంటాయని మీకు తెలుసు. అక్కడ ఈ ఉపాయం నిలువునా ముంచుతుంది.

నాలుగవది దీనికి ఎదురైనది. కొన్ని దారులను మరికాస్త ముందుకు చూడాలి. లెక్కించిన లోతులో చివరి ఎత్తుగా మన మంత్రి ఒక బంటును తిన్నది. ఇంజను అక్కడే ఆగితే 'బంటు లాభం' అని సంబరపడుతుంది. తరువాతి ఎత్తులో ఆ మంత్రినే అవతలివాడు తినేస్తాడని దానికి కనపడదు. నేల అంచు దాటితే ఏముందో మనకు కనపడనట్లే ఇదీ. అందుకే చదరంగం కంప్యూటర్ల మీద ఎంతో కృషి చేసిన హాన్స్ బెర్లినర్ దీనిని దిగంత ప్రభావం అన్నాడు. తినడాలూ, రాజుకు చెక్ చెప్పడాలూ ముగిసేదాకా చూపు పొడిగించడమే దీనికి మందు. ఎంత పొడిగించాలి? అదీ ఒక అంకే.

మన జహీరాబాదు తమ్ముడు మార్చినది ఇలాంటి అంకెనే. నాలుగో ఎత్తు నుంచి లోతు తగ్గిస్తున్న ప్రోగ్రామును ఆరో ఎత్తు నుంచి తగ్గించేటట్లు మార్చాడు.

శ్రుతి కుదిరిందని చెప్పేదెవరు?

వీణకు శ్రుతి చేసేవారికి చెవి ఉంది. బిరడా కాస్త తిప్పి తీగ మీటగానే, కుదిరిందో లేదో వెంటనే తెలుస్తుంది. చదరంగం ఇంజనుకు అలాంటి చెవి ఏది?

ఈ ప్రశ్నతో తలపడినవారి కోసం ఒకసారి అమెరికాలోని పిట్స్‌బర్గు నగరానికి వెళ్ళివద్దాం. అక్కడి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తెలుగువారికి కొత్తది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి 1969 నుంచి పాఠాలు చెప్పింది అక్కడే. యంత్రాలకు మాట అర్థం చేసుకోవడం నేర్పడానికి కృషి చేసిన ఆయనకు 1994లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. ఆయనది వేరే రంగం. 1980లలో అదే విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధక విద్యార్థులు డీప్ థాట్ అనే చదరంగం యంత్రాన్ని తయారు చేశారు. తైవాను నుంచి వచ్చిన ఫెంగ్ సియుంగ్ సూ, కెనడావాడు మర్రే క్యాంప్‌బెల్, మన దేశం నుంచి వెళ్ళిన థామస్ అనంతరామన్ అందులో ముఖ్యులు. 1988లో ఆ యంత్రం డెన్మార్కు గ్రాండ్‌మాస్టరు బెంట్ లార్సన్‌ను ఓడించింది. సూ, క్యాంప్‌బెల్ ఆ తరువాత ఐ.బి.ఎం. కంపెనీలో చేసిన కృషి ఫలితమే డీప్ బ్లూ. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను చూడగల ఆ యంత్రం 1997 మే నెలలో అప్పటి ప్రపంచ చాంపియన్ గారీ కాస్పరోవ్‌ను మూడున్నర - రెండున్నర పాయింట్ల తేడాతో ఓడించింది.

డీప్ థాట్‌లో తూకానికి సంబంధించిన బిరడాలను సరిచేయడానికి వారు ఒక మంచి ఉపాయం పన్నారు. ఉద్దండులు ఆడిన వందల కొద్దీ ఆటలను యంత్రానికి ఇచ్చారు. యంత్రం మెచ్చుకున్న ఎత్తు ఉద్దండుడు వేసిన ఎత్తుకు దగ్గరగా వచ్చేటట్లు అంకెలను సవరించారు. అంటే ఇక్కడ గురువుగారి చెవి అరువు దొరికింది.

ముందుచూపు బిరడాలకు ఈ ఉపాయం అంతగా పనిచేయదు. ఎందుకంటే అక్కడ ప్రశ్న 'ఏ ఎత్తు మంచిది?' అన్నది కాదు, 'ఉన్న కొద్ది కాలాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలి?' అన్నది. ఒక చోట చూపు తగ్గిస్తే మిగిలిన కాలంతో మరో చోట లోతుగా చూడవచ్చు. అది లాభమా, నష్టమా? ఆడిస్తే తప్ప తెలియదు. పాత ఇంజనుకూ కొత్తదానికీ పోటీ పెట్టి ఎవరు ఎక్కువ గెలిచారో లెక్కపెట్టడమే దారి. తమ్ముడు చేసినదీ అదే కదా! మరి అక్క సందేహం ఏమిటి?

ఏడు - మూడు అంటే ఎంత?

అక్క జేబులోంచి ఒక రూపాయి నాణెం తీసి తమ్ముడి చేతికిచ్చింది.

"పది సార్లు ఎగరెయ్యి. బొమ్మ ఎన్ని సార్లు పడ్తదో చూద్దాం."

నాణేనికి తెలివి లేదు. అయినా పది సార్లు ఎగరవేస్తే ఏడు గాని అంతకన్న ఎక్కువ గాని బొమ్మలు పడే అవకాశం ఎంతో లెక్కకట్టవచ్చు. పది సార్లు ఎగరవేయడంలో 1,024 రకాల వరుసలు ఉన్నాయి. వాటిలో 176 వరుసల్లో ఏడు లేక అంతకన్న ఎక్కువ బొమ్మలుంటాయి. అంటే సుమారు ఆరింట ఒక వంతు. 48 మంది ఉన్న తరగతిలో అందరూ తలా పది సార్లు నాణెం ఎగరవేస్తే, దాదాపు ఎనిమిది మందికి ఏడో, అంతకన్న ఎక్కువో పడతాయి. ఆ ఎనిమిది మంది నాణేలలో ప్రత్యేకమైన శక్తి ఉందందామా?

తమ్ముడు మార్చిన అంకె వల్ల లాభమూ నష్టమూ ఏమీ లేకపోయినా ఏడు - మూడు రావడం అంత వింత కాదన్నమాట.

అప్పుడు అక్క అసలు ప్రశ్న అడిగింది. "నువ్వు ఎన్ని అంకెలు మార్చి చూసినవురా?"

తమ్ముడు కాసేపు నసిగి చెప్పాడు. "ఆరు. మిగతావేవీ ఏడు గెలవలేదు. అందుకే వాటిని చార్టులో రాయలేదు."

ఇదీ సంగతి! ఆరు మార్పులూ పనికిరానివే అనుకున్నా, వాటిలో కనీసం ఒక్కదానికైనా అదృష్టవశాత్తు ఏడు గెలుపులు దక్కే అవకాశం మూడింట రెండు వంతులు. ఓడిన అయిదింటిని దాచి గెలిచిన ఒక్కదాన్నే చూపిస్తే, చూసినవారు మోసపోతారు. వారికన్న ముందు మనమే మోసపోతాం.

ఇంతకూ ఎన్ని ఆటలు ఆడాలి? సమానబలం గల రెండు ఇంజన్లు డ్రాలు లేకుండా పోటీ పడుతున్నాయనుకోండి. ఇరవై సార్లు పోటీ పెడితే పందొమ్మిది సార్లు ఒకదాని గెలుపులు ఏ హద్దుల మధ్య ఉంటాయో ఇక్కడ చూడండి.

100 ఆటల్లో: 40 నుంచి 60 వరకు.
1,000 ఆటల్లో: 468 నుంచి 532 వరకు.
10,000 ఆటల్లో: 4,900 నుంచి 5,100 వరకు.

ఆటల సంఖ్య పెరిగేకొద్దీ ఊగిసలాట శాతం తగ్గుతోంది. అయితే పిసినారిగా తగ్గుతోంది. ఊగిసలాట సగం కావాలంటే ఆటలు నాలుగు రెట్లు కావాలి. పదో వంతు కావాలంటే నూరు రెట్లు కావాలి.

మంచి ఇంజనులో ఒక బిరడా సవరిస్తే వచ్చే లాభం చాలా చిన్నది. చదరంగంలో బలాన్ని ఎలో పాయింట్లతో కొలుస్తారు. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడి పేరు అది. వరంగల్లు కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడని పత్రికల్లో చదివే ఉంటారు. ఆ పాయింట్లే ఇవి. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి 64 పాయింట్లు రావాలి. 7 పాయింట్ల తేడా అయితే నూటికి 51 మాత్రమే. నూటికి ఆ ఒక్క ఆట తేడా నిజమో, అదృష్టమో తేల్చుకోవాలంటే, పై పట్టిక ప్రకారం పదివేల ఆటల దాకా ఆడించాలి! నిజానికి సవరించిన బిరడాకు ఒకటి రెండు పాయింట్లు వచ్చినా ఇంజను తయారుచేసేవారు సంతోషిస్తారు.

తెలుగువాడు గీసిన గీత

'ఇన్ని ఆటలెందుకు? తెలివిగా లెక్కవేస్తే కొద్ది ఆటలతోనే తేలదా?' అని మీకు అనిపించవచ్చు. ఈ ప్రశ్నకు 1945లో ఒక తెలుగు యువకుడు జవాబు చెప్పాడు.

ఆయన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావు అంటే ప్రపంచమంతటికీ తెలుసు. 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. సుమారు పాతికేళ్ళ వయసులో ఆయన రుజువు చేసిన విషయం స్థూలంగా ఇది: కొన్ని పరిశీలనల నుంచి తెలియని ఒక సంఖ్యను అంచనా కట్టేటప్పుడు, ఒక పక్కకు మొగ్గని ఏ పద్ధతి వాడినా సరే, ఊగిసలాట ఒక హద్దుకు దిగువకు పోదు. ఆ హద్దు ఎంతో ముందే లెక్కకట్టవచ్చు. స్వీడనుకు చెందిన హెరాల్డ్ క్రామర్ కూడా స్వతంత్రంగా దీనినే కనుగొన్నాడు. అందుకే దీనికి క్రామర్ - రావు హద్దు అని పేరు.

చెరకు గానుగలో ఎంత పిండినా గడలో ఉన్న రసమే వస్తుంది, అంతకన్న రాదు. ఆటలూ అంతే. పది ఆటల్లో పది ఆటల సమాచారమే ఉంటుంది. గెలుపు శాతాన్ని మామూలుగా లెక్కపెట్టే పద్ధతి ఇప్పటికే ఆ హద్దును అందుకుంటోంది. ఇంతకన్న రసం కావాలంటే మరిన్ని గడలు తేవలసిందే. రావుగారు 2023లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. హైదరాబాదులో ఆయన పేరు మీద ఒక పరిశోధన సంస్థ కూడా ఉంది.

పొలం నేర్పిన పాఠం

రావుగారు కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసింది రోనాల్డ్ ఫిషర్ అనే ఆచార్యుడి దగ్గర. ఫిషర్ అంతకు ముందు ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశాడు. ఏ విత్తనం మంచిది, ఏ ఎరువు మంచిది అని తేల్చడానికి న్యాయమైన పరీక్ష ఎలా పెట్టాలో అక్కడే ఆలోచించాడు. ఒక విత్తనాన్ని బావి పక్కన మంచి నేలలో, మరొకదాన్ని గట్టు మీద చౌడు నేలలో వేసి పోల్చితే తేలేది విత్తనాల తేడా కాదు, నేలల తేడా. అందుచేత పొలాన్ని చిన్న చిన్న మడులుగా విడదీయాలి. ఏ మడిలో ఏ విత్తనమో చీట్లు వేసి నిర్ణయించాలి. ఒక్కో విత్తనాన్ని చాలా మడుల్లో వేయాలి.

ఇంజన్ల పోటీలోనూ ఇదే న్యాయం. చదరంగంలో తెల్లవారికి కొంచెం మొగ్గు ఉంటుంది. అందుచేత రకరకాల ఆరంభ స్థితులు తీసుకుని, ఒక్కో స్థితి నుంచి రెండేసి ఆటలు ఆడిస్తారు. ఒకసారి పాత ఇంజనుకు తెల్ల పావులు, మరోసారి కొత్తదానికి. చూశారా, పొలంలోని మడులు చదరంగం బల్ల మీదికి ఎలా వచ్చాయో!

స్టాక్‌ఫిష్ అనే ఇంజను 2008లో మొదలైంది. దాని లోపలి రాతను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. దానికి 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే పరీక్షా ఏర్పాటు ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు తమ కంప్యూటర్లను ఈ పరీక్షలకు ఉచితంగా ఇస్తారు. ఎంత పేరున్నవాడు సూచించిన మార్పు అయినా ఈ పరీక్షలో నెగ్గాలి. ముందు ఒక్కో పక్షానికి 10 సెకన్లు, ఎత్తుకు మరో పదో వంతు సెకను చొప్పున ఇచ్చి చురుకైన ఆటలు ఆడిస్తారు. నెగ్గితే 60 సెకన్ల ఆటలతో మళ్ళీ పరీక్షిస్తారు. తక్కువ కాలంలో లాభమిచ్చిన బిరడా, ఎక్కువ కాలం ఉన్నప్పుడు నష్టమివ్వవచ్చు కదా!

ఆటలను పొదుపు చేసే పద్ధతి కూడా ఒకటి ఉంది. పదివేల ఆటలు పూర్తయ్యేదాకా కళ్ళు మూసుకోకుండా, ప్రతి ఆట తరువాతా లెక్క చూస్తారు. సాక్ష్యం త్రాసులో ఒక పక్కకు ముందే నిర్ణయించుకున్నంత బరువు పడగానే ఆపేస్తారు. మార్పు స్పష్టంగా చెడ్డదైతే తొందరగానే తేలిపోతుంది. ఈ వరుస పరీక్షను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఏబ్రహాం వాల్డ్ కనిపెట్టాడు. ఆయన 1950లో ఉపన్యాసాలివ్వడానికి మన దేశం వచ్చి, నీలగిరుల్లో విమానం కూలి మరణించాడు.

బిరడాలు యాభై ఉంటే ఏం చేయాలి? ఒక్కో చురుకైన ఆటకు అర నిమిషం అనుకుంటే పదివేల ఆటలకు మూడున్నర రోజులు. ఒక్కో బిరడాను విడిగా పరీక్షిస్తే యాభయ్యింటికి దాదాపు ఆరు నెలలు! పైగా వీణలో ఒక తీగ బిగిస్తే మరో తీగ కాస్త సడలినట్లు, ఇక్కడా ఒక అంకె మారిస్తే మరో అంకె శ్రుతి తప్పుతుంది. అందుకని 1992లో జేమ్స్ స్పాల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రచురించిన ఉపాయాన్ని వాడతారు. బిరడాలన్నిటినీ ఒకేసారి కదుపుతారు. ఏది పైకి, ఏది కిందికి అన్నది నాణెం ఎగరవేసినట్లే నిర్ణయిస్తారు. దానికి సరిగ్గా వ్యతిరేకంగా కదిపిన మరో ఇంజనుతో ఆడిస్తారు. గెలిచిన వైపు అన్నిటినీ రవ్వంత జరుపుతారు. మళ్ళీ నాణెం, మళ్ళీ ఆట. ఒక్కో అడుగు తడబడుతూనే పడుతుంది. కాని వేల అడుగుల మీద తడబాట్లు ఒకదానినొకటి కొట్టేసుకుని, బిరడాలు మెల్లగా మంచి చోటికి చేరతాయి.

2020 నుంచి స్టాక్‌ఫిష్‌లో తూకం పనిని నాడీజాలం అనే కొత్త రకం లెక్కలకు అప్పగించారు. అయినా ముందుచూపు బిరడాలు అలాగే ఉన్నాయి. వాటికి శ్రుతి చేయడం ఇప్పటికీ ఇలాగే జరుగుతోంది.

మెతుకు సంగతి

ఇప్పుడు తండ్రి అన్న సామెతకు వద్దాం. అన్నం కుండలో మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికాయి. ఒక మెతుకుకూ మరో మెతుకుకూ తేడా లేదు. అందుకే అక్కడ ఒక్క మెతుకు చాలు. చదరంగం ఆటలు ఒకదానిలా ఒకటి ఉండవు. ఎక్కడ తేడాలు ఎక్కువో అక్కడ మెతుకులూ ఎక్కువ కావాలి. సామెత తప్పు కాదు. దానిని ఎక్కడ వాడాలో తెలియాలి.

తమ్ముడు ఆ రాత్రి కంప్యూటరును ఆపకుండా వదిలాడు. డ్రాలు పోను తెల్లవారేసరికి 1,000 ఆటలు తేలాయి. కొత్తదానికి 508, పాతదానికి 492. పైన ఇచ్చిన పట్టికతో సరిచూడండి. మార్పు మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. ఎర్ర సిరా శీర్షికను కొట్టివేయడానికి తమ్ముడికి మనసొప్పలేదు. అయినా కొట్టివేశాడు. దాని స్థానంలో 'ఆరు మార్పులు చేశాను. పది ఆటలతో ఏదీ తేలలేదు. ఎందుకు తేలలేదంటే...' అని మొదలుపెట్టి, నాణెం లెక్క అంతా రాశాడు.

తండ్రి చార్టు చదివించుకుని విన్నాడు. నిరుడు బావి పక్క అరెకరంలో ఒక కొత్త రకం ఆలుగడ్డ విత్తనం వేస్తే బాగా పండింది. ఈ ఏడు అప్పు చేసి మూడెకరాలకూ అదే కొందామనుకున్నాడు.

"అయితే బిడ్డా, నిరుడు పండింది విత్తనమా, బావి నీళ్ళా?"

"తెల్వదు నాయినా. ఈసారి మడులు మడులుగా రెండూ వేసి చూద్దాం" అంది అక్క.

మీరూ చేసి చూడండి

మీ తరగతిలో అందరూ తలా పది సార్లు నాణెం ఎగరవేసి, ఎన్ని బొమ్మలు పడ్డాయో నల్లబల్ల మీద రాయండి. ఏడు, అంతకన్న ఎక్కువ పడినవారు ఎందరో చూడండి. తరువాత అందరి లెక్కలూ కూడి, మొత్తంలో బొమ్మల శాతం కట్టండి. అది యాభైకి ఎంత దగ్గరగా వస్తుందో గమనించండి. ఈ సారి ఎవరైనా 'పదింట ఏడుగురికి నయమైంది' అని ఒక మందు గురించి గాని, విత్తనం గురించి గాని చెబితే, రెండు ప్రశ్నలు అడగడం మరచిపోకండి. మొత్తం ఎంతమందిని చూశారు? చెప్పకుండా వదిలేసినవి ఎన్ని?